ప్యాకెట్ మీద పేరు ఎవరిదో చెత్త కూడా వాళ్ళదే: ఈపీఆర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు నడుపుతాను. 2022 నుంచి మా దగ్గరికి వచ్చే వ్యాపారులు పన్ను సంగతి పక్కనపెట్టి "ఈ ఈపీఆర్ గోల ఏంటండీ" అని మొదలుపెడుతున్నారు. ఫోన్లో ఒకరికి చెప్పి పెట్టేసేలోపు ఇంకొకరు అదే అడుగుతారు. అందుకని అన్నీ ఒకచోట రాశాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి. ఎక్కువ భాగం ప్లాస్టిక్ ప్యాకింగ్ గురించే ఉంటుంది, ఎందుకంటే అడిగేవాళ్ళలో ఎక్కువమంది ప్లాస్టిక్‌లో ప్యాక్ చేసి అమ్మేవాళ్ళే.

## కొత్తగా వింటున్నవాళ్ళకి

ఈపీఆర్ అంటే ఏంటి? ఇంకో పన్నా?

పన్ను కాదు, ప్రభుత్వానికి కట్టే డబ్బూ కాదు. ఎక్స్‌టెండెడ్ ప్రొడ్యూసర్ రెస్పాన్సిబిలిటీ అన్నది పూర్తి పేరు. సరుకు అమ్మేసి డబ్బు గల్లాపెట్టెలో వేసుకున్నాక కూడా, ఆ సరుకుతో పాటు జనంలోకి వెళ్ళిన ప్యాకింగ్ చెత్తగా మారినప్పుడు దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత అమ్మినవాళ్ళదే అని చెప్పే చట్టం ఇది. మీరు వంద టన్నుల ప్లాస్టిక్ డబ్బాలు మార్కెట్లోకి వదిలితే, ఎక్కడో ఒకచోట అంత ప్లాస్టిక్ రీసైకిల్ అయిందనో, చట్టం ఒప్పుకున్న ఇంకో పద్ధతిలో వాడేశారనో కాగితం చూపించాలి. అవే డబ్బాలు వెనక్కి తెచ్చుకోవాలని లేదు, అదే రకం ప్లాస్టిక్ అంత బరువు ఉంటే చాలు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

స్వీడన్‌లో. థామస్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1990లో అక్కడి పర్యావరణ శాఖకు ఇచ్చిన నివేదికలో ఈ మాట వాడారు. మరుసటి ఏడాది, 1991లో జర్మనీ ప్యాకింగ్ మీద చట్టం తెచ్చేసింది. అయినా మన పాత సోడా కొట్టువాడికి ఇదంతా తెలిసిన విద్యే. ఖాళీ సీసా ఇస్తేనే నిండు సీసా ఇచ్చేవాడు, ఇంటికి పట్టుకెళ్తామంటే డిపాజిట్ పెట్టమనేవాడు, సీసా ఏ చెరువు గట్టునా కనపడేది కాదు.

చెత్త ఎత్తడం మున్సిపాలిటీ పని కదా, కంపెనీల మీద ఎందుకు వేశారు?

ఎత్తడం మున్సిపాలిటీ పనే, ఇప్పటికీ. కానీ ఆ చెత్త ఎలా ఉండాలో మున్సిపాలిటీ చేతిలో లేదు. రూపాయి షాంపూ ప్యాకెట్‌ని రెండు మూడు పొరలు అతికించి తయారు చేయాలా, లేక ఒకే రకం ప్లాస్టిక్‌తో చేయాలా అన్నది కంపెనీలో కూర్చున్నవాళ్ళు తీసుకునే నిర్ణయం. ఆ ప్యాకెట్ మీ వీధి కాలవలో పడ్డాక ఎంత గొప్ప కమిషనర్ వచ్చినా దాని పొరలు విడదీయలేడు. ఖర్చు కూడా వాళ్ళ లెక్కల్లోనే పడితే ఆ నిర్ణయం మారుతుందన్నది ఈ చట్టం వెనక ఉన్న తర్కం. తర్కం బాగానే ఉంది. మన దగ్గర అమలు మాత్రం ఇప్పటిదాకా ఎక్కువగా కాగితాల చుట్టూనే తిరుగుతోందని నా అభిప్రాయం.

మన దేశంలో ఎప్పటి నుంచి ఉంది?

మాటగా 2011 ప్లాస్టిక్, ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనల నుంచీ ఉంది. 2016 ప్లాస్టిక్ నిబంధనల్లో కంపెనీలే చెత్త వెనక్కి తీసుకునే ఏర్పాటు చేయాలని గట్టిగానే రాశారు, కానీ ఎంత, ఎప్పటిలోగా అన్న లెక్క లేకపోవడంతో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2022 ఫిబ్రవరి 16న వచ్చిన సవరణతో ఏడాదికి ఇంత శాతం అని అంకెలు పడ్డాయి, ఆన్‌లైన్ పోర్టల్ వచ్చింది. అసలు కథ మొదలైంది అప్పుడే.

ప్లాస్టిక్ నిషేధం, ఈపీఆర్ ఒకటేనా?

కాదు. స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, ఇయర్‌బడ్ పుల్లలు లాంటి కొన్ని వస్తువుల్ని 2022 జూలై 1 నుంచి పూర్తిగా నిషేధించారు, వాటిని తయారు చేయడమే నేరం. క్యారీ బ్యాగులు 120 మైక్రాన్ల కంటే పలచగా ఉండకూడదన్నది 2022 డిసెంబర్ 31 నుంచి ఉన్న మరో నియమం. ఈపీఆర్ వర్తించేది చట్టం ప్రకారం అమ్ముకోదగ్గ ప్యాకింగ్‌కి. "నేను ఈపీఆర్ కట్టాను కాబట్టి పలచటి కవర్లు వాడుకోవచ్చు" అని ఒకాయన మా ఆఫీసులో వాదించాడు. కుదరదు.

ప్లాస్టిక్ కాకుండా ఇంకా వేటికి ఉంది?

ఎలక్ట్రానిక్ వస్తువులకి (2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు), అన్ని రకాల బ్యాటరీలకి (2022), టైర్లకి (2022), వాడేసిన ఇంజిన్ ఆయిల్‌కి (2024 ఏప్రిల్ నుంచి), కాలం తీరిన వాహనాలకి (2025 ఏప్రిల్ నుంచి) ఉంది. అల్యూమినియం, రాగి, జింకు లాంటి లోహాల తుక్కుకి 2026 ఏప్రిల్ నుంచి అని 2025లో నోటిఫై చేశారు.

## నాకు వర్తిస్తుందా?

మాది ఇంట్లో చేసే పచ్చళ్ళ వ్యాపారం. ప్లాస్టిక్ డబ్బాల మీద మా పేరు స్టిక్కర్ వేసి అమ్ముతాం. నేను రిజిస్టర్ చేసుకోవాలా?

నాకు ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే. సొంత బ్రాండు పేరుతో అమ్మేవాళ్ళని చట్టం బ్రాండ్ ఓనర్ అంటుంది. ప్లాస్టిక్ ప్యాకింగ్ విషయంలో సూక్ష్మ, చిన్న పరిశ్రమల కింద వచ్చే బ్రాండ్ ఓనర్లకి మినహాయింపు ఉంది. 2025 ఏప్రిల్ నుంచి లెక్క ఏంటంటే, యంత్రాల మీద పెట్టుబడి 25 కోట్లు దాటకుండా, టర్నోవర్ 100 కోట్లు దాటకుండా ఉంటే చిన్న పరిశ్రమే. ఆవకాయ అమ్మి వంద కోట్లు దాటిన రోజున టెన్షన్ పడదాం. ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు, తీసుకుని ఆ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవడం, అది ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్లో అయిపోతుంది. మీ డబ్బాలు కొన్న చోట బిల్లులు కూడా దాచుకోండి.

నాది చిన్న కంపెనీయే, కానీ చైనా నుంచి సరుకు తెప్పించి అమ్ముతాను. నాకు కూడా మినహాయింపేనా?

లేదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. చిన్నవాళ్ళకి ఇచ్చిన మినహాయింపు బ్రాండ్ ఓనర్లకే, దిగుమతిదారులకి కాదు. మీరు తెప్పించింది బొమ్మలైనా, వంట సామానైనా, అది చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవరు, బబుల్ షీటు, స్ట్రెచ్ ఫిల్మ్ మీ ఖాతాలోకి వస్తాయి. బరువు తక్కువే కావచ్చు, కానీ రిజిస్ట్రేషన్ కావాల్సిందే.

మేము ప్లాస్టిక్ కవర్లు, డబ్బాలు తయారు చేసి బ్రాండ్లకి అమ్ముతాం. మా పరిస్థితి?

మీరు చట్టం దృష్టిలో ప్రొడ్యూసర్. రిజిస్టర్ అయిన బ్రాండ్ ఓనర్‌కి అమ్మిన సరుకు బరువుని మీ లెక్కలోంచి తీసేయచ్చు, ఎందుకంటే ఆ బాధ్యత వాళ్ళు మోస్తారు. లేకపోతే ఒకే డబ్బాకి ఇద్దరు కట్టినట్టవుతుంది. మరి రిజిస్టర్ కాని చిన్న బ్రాండ్లకి అమ్మింది? అది మీ దగ్గరే ఉండిపోతుంది. అందుకే కొంతమంది డబ్బా తయారీదారులు చిన్న కస్టమర్లకి కిలోకి ఇంత అని ఎక్కువ వేస్తున్నారు, అది వ్యాపారం, చట్టం పెట్టిన రేటు కాదు. మీరే సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ అయితే, 2024 మార్చి సవరణ ఆ భారాన్ని మీకు ప్లాస్టిక్ గుళికలు అమ్మే ముడిసరుకు కంపెనీ మీదకి నెట్టింది. అంతమాత్రాన రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదని మీకు మీరే తేల్చేసుకోకండి, మీ కాలుష్య నియంత్రణ మండలిలో రాతపూర్వకంగా అడగండి.

కిరాణా కొట్టు. పప్పులు బస్తాల్లో తెచ్చి కేజీ కవర్లలో కట్టి అమ్ముతాం.

మీ బ్రాండు పేరు లేదు, పెద్ద రిటైల్ చైన్ కాదు, కాబట్టి ఈపీఆర్ గొడవ మీకు లేదు. కవర్లు నిషేధిత రకం కాకుండా చూసుకోండి, చాలు.

ఆన్‌లైన్ సైట్లలో అమ్ముతాను. కొరియర్ కవరు ఎవరి లెక్కలోకి వస్తుంది?

కవరు మీద ఎవరి పేరుంటే వాళ్ళ లెక్క. ఆన్‌లైన్ ప్లాట్‌ఫారంలని కూడా చట్టం బ్రాండ్ ఓనర్ల జాబితాలోనే పెట్టింది, కాబట్టి వాళ్ళ ముద్ర ఉన్న కవరు వాళ్ళది, లోపల మీ ముద్ర ఉన్న సీసా మీది.

"భూమిలో కలిసిపోయే" కవర్లు వాడితే ఈ గొడవే ఉండదు అన్నాడు సేల్స్‌మన్. నిజమా?

సేల్స్‌మన్ మాట నమ్మే ముందు సర్టిఫికెట్ అడగండి. కంపోస్టబుల్ ప్లాస్టిక్ అని అమ్మాలంటే ఐఎస్ 17088 ప్రమాణం ప్రకారం పరీక్ష పాసవ్వాలి, తయారీదారు దగ్గర కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. ఇలాంటి ప్లాస్టిక్ పరీక్షలకి పేరున్న సిపెట్‌కి హైదరాబాద్ చర్లపల్లిలో, విజయవాడ దగ్గర సూరంపల్లిలో కేంద్రాలున్నాయి. నిజమైన కంపోస్టబుల్ కవరుకి మందం నియమం వర్తించదు, కానీ ఈపీఆర్ వర్తిస్తుంది, దానికి వేరే కేటగిరీయే ఉంది. ఇంకో మాట, అవి మీ పెరట్లో పాతితే కలిసిపోవు. పారిశ్రామిక కంపోస్టు ప్లాంటులో ఉండే వేడి కావాలి.

## రిజిస్ట్రేషన్ దగ్గర

ఎక్కడ చేసుకోవాలి? హైదరాబాదా, ఢిల్లీనా?

ఒకటి లేదా రెండు రాష్ట్రాల్లో మాత్రమే అమ్మేవాళ్ళు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర, అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో అమ్మేవాళ్ళు సీపీసీబీ దగ్గర. దరఖాస్తు రెండింటికీ ఒకే ఆన్‌లైన్ పోర్టల్. 2014కి ముందు "మాది ఒక్క రాష్ట్రమే" అన్న కంపెనీలకి ఇప్పుడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపి రెండయ్యాయి. దానికి బెంగళూరు డీలర్ ఒకడు తోడయ్యాడంటే మూడు, సీపీసీబీకి వెళ్ళాల్సిందే. వెబ్‌సైట్ పెట్టి దేశమంతా పార్సిల్ పంపేవాళ్ళయితే అసలు ఆలోచించక్కర్లేదు, సీపీసీబీయే.

ఏం కాగితాలు కావాలి, ఫీజు ఎంత?

పాన్, జీఎస్టీ, కంపెనీ అయితే సీఐఎన్ (కంపెనీ నమోదు సంఖ్య), సంతకం పెట్టే మనిషి ఆధార్, పాన్. ఫ్యాక్టరీ ఉంటే కాలుష్య మండలి ఇచ్చిన అనుమతి పత్రం. వీటికంటే కష్టమైంది గత రెండేళ్ళలో ఏ రాష్ట్రంలో ఎన్ని టన్నుల ప్లాస్టిక్ అమ్మారన్న లెక్క, దానికే వారాలు పడుతుంది. ఏడాదికి వెయ్యి టన్నుల లోపు ప్లాస్టిక్ ఉన్నవాళ్ళకి దరఖాస్తు ఫీజు 10 వేలు, పది వేల టన్నుల దాకా 20 వేలు, ఆ పైన 50 వేలు.

ఎవరో ఫోన్ చేసి "రేపటిలోగా ఈపీఆర్ తీసుకోకపోతే మీ ఫ్యాక్టరీ సీల్ చేస్తారు, లక్షన్నర పంపండి" అంటున్నారు.

తాటాకు చప్పుళ్ళు. కాలుష్య మండలి నోటీసు ఇవ్వాలనుకుంటే లెటర్‌హెడ్ మీద ఇస్తుంది, వాట్సాప్ కాల్‌లో గడువు పెట్టదు. నాకు తెలిసిన ఒక మసాలా పొడుల వ్యాపారి, అసలు మినహాయింపు ఉన్న మనిషి, భయపడి ఒక కన్సల్టెంటుకి డబ్బు కట్టేసి మూడు నెలల తర్వాత నా దగ్గరికొచ్చాడు. రిజిస్ట్రేషన్ రాలేదు, వచ్చినా అతనికి అక్కర్లేదు. డబ్బు కట్టే ముందు మీకు వర్తిస్తుందా లేదా అని రాసివ్వమనండి. అక్కడే సగం మంది ఫోన్ పెట్టేస్తారు.

కేటగిరీ ఏది పెట్టాలో అర్థం కావట్లేదు.

చేత్తో నొక్కి చూడండి. గట్టిగా ఆకారం నిలబడే డబ్బాలు, సీసాలు, మూతలు మొదటి కేటగిరీ. మెత్తగా ముడుచుకునే కవర్లు, పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు, ష్రింక్ ర్యాప్ రెండోది, ఇందులో ఒకటికి మించి పొరలున్నా అన్నీ ప్లాస్టిక్కే అయి ఉండాలి. ప్లాస్టిక్‌తో పాటు అల్యూమినియం రేకో, కాగితమో అతికించి ఉంటే మూడోది, జ్యూస్ డబ్బాలు, రేకు మెరిసే మసాలా ప్యాకెట్లు ఇందులోకి వస్తాయి. కంపోస్టబుల్‌వి నాలుగు, బయోడిగ్రేడబుల్‌వి ఐదు. అనుమానముంటే మీకు కవరు అమ్మినవాణ్ణి పొరల వివరం రాసివ్వమని అడగండి. ఇక్కడ తప్పు పెడితే సర్టిఫికెట్లు కొన్నాక తెలుస్తుంది, ఒక కేటగిరీ సర్టిఫికెట్ ఇంకో కేటగిరీకి చెల్లదు.

ప్యాకెట్ మీద ఏదైనా ముద్రించాలా?

అవును, ప్యాకింగ్ తయారీదారు లేదా బ్రాండు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు లాంటి వివరాలు. చిన్న ప్యాకెట్ల మీద చోటు లేదని గోల పెట్టడంతో, 2025 జూలై 1 నుంచి బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ రూపంలో ఇచ్చినా సరేనన్నారు.

## టార్గెట్లు, సర్టిఫికెట్లు

మా టార్గెట్ ఎంతో ఎలా లెక్కపెట్టాలి?

బ్రాండ్ ఓనర్లయితే గత రెండేళ్ళలో మార్కెట్లోకి పంపిన ప్లాస్టిక్ ప్యాకింగ్ సగటు తీసి, మీ దగ్గరే ప్యాకింగ్ దశలో చెత్తయిన దాని సగటు కలపండి. ఉదాహరణకి ఒక ఏడు 30 టన్నుల డబ్బాలు, తర్వాతి ఏడు 50 టన్నులు పంపారు, చెత్త ఏమీ లేదనుకుందాం, మీ బాధ్యత 40 టన్నులు. 2022-23లో ఇందులో 70 శాతానికే బాధ్యత ఉండేది, 2023-24 నుంచి నూటికి నూరు. ఈ 40 టన్నుల్లో ఎంత కచ్చితంగా రీసైకిల్ అవ్వాలన్నది ఇంకో లెక్క. గట్టి ప్లాస్టిక్‌కి 2024-25లో 50 శాతం, ఏటా పది పెరుగుతూ 2027-28కి 80. మెత్తటి కవర్లకి, పొరల ప్యాకెట్లకి 30తో మొదలై 60 దాకా. అంటే 2025-26లో మీ 40 టన్నుల డబ్బాల్లో కనీసం 24 టన్నులకి రీసైక్లింగ్ సర్టిఫికెట్ ఉండాలి.

మిగతాది ఏమవుతుంది?

రీసైకిల్ చేయలేని ప్లాస్టిక్‌ని సిమెంటు బట్టీల్లో బొగ్గుతో పాటు కాల్చడం, రోడ్లలో తారుతో కలపడం, దాంతో కరెంటు లేదా నూనె తీయడం, వీటిని చట్టం అనుమతిస్తుంది. రేకు అతికించిన ప్యాకెట్లలో చాలా భాగం గతి ఇదే. కాల్చడాన్ని బాధ్యత తీర్చుకోవడం కింద లెక్కకట్టడం నాకు మింగుడుపడదు, కానీ కాలవలో పడి ఉండటం కంటే నయమని ఒప్పుకోక తప్పదు.

ఈ సర్టిఫికెట్ అంటే ఏంటి? ఎవరిస్తారు?

రిజిస్టర్ అయిన రీసైక్లర్ ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ చేశానని పోర్టల్‌లో చూపిస్తే, ఆ బరువుకి సర్టిఫికెట్ పుడుతుంది. మీరు దాన్ని కొంటారు, అది పోర్టల్‌లోనే మీ ఖాతాకి బదిలీ అవుతుంది. కిలోకి ఎంత అన్నది మీరూ రీసైక్లరూ మాట్లాడుకునే ధర, రకాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ కొన్నారనుకోండి, పాత బకాయికి సర్దుకోవచ్చు, వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

సర్టిఫికెట్లు తక్కువ ధరకి ఇస్తామంటున్నారు. కొనచ్చా?

మరీ చవగ్గా వస్తే ప్లాస్టిక్ ఎక్కడో కాదు, కాగితం మీదే కరిగిందని అర్థం. 2023లో సీపీసీబీ తనిఖీ చేస్తే గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటకల్లోని నాలుగు కంపెనీలే దాదాపు ఆరు లక్షల దొంగ సర్టిఫికెట్లు పుట్టించాయని తేలింది. యంత్రానికి ఏడాదికి అంత సామర్థ్యం లేకపోయినా లెక్కల్లో టన్నులు పెరిగిపోయాయి. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం అన్న సామెత గుర్తొచ్చింది నాకు. కొనే ముందు ఆ రీసైక్లర్ సామర్థ్యం ఎంత, ఇప్పటికే ఎంత అమ్మాడు, జీఎస్టీ బిల్లులు, కరెంటు బిల్లులు సరిపోతున్నాయా అని చూడండి. వీలైతే వెళ్ళి ప్లాంటు చూసి రండి. నేను ఒకసారి వెళ్ళాను, గేటుకి తాళం.

మేమే సొంతంగా చెత్త సేకరించుకోవచ్చా?

చేసుకోవచ్చు. వాడేసిన ప్యాకింగ్‌ని వెనక్కి కొనే పథకం పెట్టచ్చు, డిపాజిట్ పెట్టచ్చు. కానీ ఆ ప్లాస్టిక్ చివరికి రిజిస్టర్ అయిన రీసైక్లర్ దగ్గరికి చేరితేనే లెక్కలోకి వస్తుంది. మీ గోడౌన్లో పోగేసి ఫొటో తీస్తే సరిపోదు.

కొత్త డబ్బాల్లో పాత ప్లాస్టిక్ కలపాలంట కదా?

అవును, 2025-26 నుంచి గట్టి ప్యాకింగ్‌లో 30 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ ఉండాలి, 2028-29కి అది 60 అవుతుంది. మెత్తటి కవర్లకి 10, పొరల ప్యాకెట్లకి 5 శాతంతో మొదలు. తినే వస్తువుల ప్యాకింగ్‌లో ఇది తలనొప్పి, ఎందుకంటే ఏ పాత ప్లాస్టిక్ పడితే అది ఆహారానికి తగలకూడదు. వేరే చట్టం అడ్డొచ్చి కలపలేని పరిస్థితి ఉంటే సీపీసీబీని మినహాయింపు అడగచ్చు, కానీ అప్పుడు ఎక్కువ కలిపిన వేరే కంపెనీ దగ్గర ఆ మేరకు సర్టిఫికెట్లు కొనాలి.

## ఏడాది చివర

రిటర్ను ఎప్పుడు వేయాలి?

ఆర్థిక సంవత్సరం అయ్యాక జూన్ 30 లోగా. గడువు పొడిగించిన ఏళ్ళున్నాయి, ఆ ధీమాతో కూర్చోకండి, చివరి వారంలో పోర్టల్ తెరుచుకోవడమే గగనం.

టార్గెట్ చేరలేకపోయాం. ఇప్పుడు?

తగ్గిన బరువుకి పర్యావరణ పరిహారం కట్టాలి. కట్టేస్తే బాధ్యత తీరిపోదు, ఆ బకాయి మూడేళ్ళు మీ మెడకి వేలాడుతుంది. ఏడాదిలోగా ఆ లోటు పూడిస్తే కట్టినదాంట్లో 75 శాతం వెనక్కిస్తారు, రెండేళ్ళలో అయితే 60, మూడేళ్ళలో అయితే 40. ఆ తర్వాత మొత్తం పోయినట్టే.

జైలుకి పంపుతారా?

పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఇలాంటి ఉల్లంఘనలకి ఉన్న జైలు శిక్షని జన్ విశ్వాస్ చట్టం ద్వారా తీసేశారు, 2024 ఏప్రిల్ నుంచి జరిమానాలే, 10 వేల నుంచి 15 లక్షల దాకా. తప్పుడు లెక్కలు ఇస్తే రిజిస్ట్రేషన్ రద్దు కూడా అవుతుంది.

## ఫోన్లు, బ్యాటరీలు, టైర్లు

పాత ఫోన్లు, టీవీల విషయంలో నియమం ఏంటి?

2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద 106 రకాల వస్తువులున్నాయి, సోలార్ ప్యానెళ్ళతో సహా. కంపెనీలు 2023-24, 2024-25లలో 60 శాతం, తర్వాతి రెండేళ్ళు 70, 2027-28 నుంచి 80 శాతం రీసైకిల్ చేయించాలి. ఇక్కడ సూక్ష్మ పరిశ్రమలకే మినహాయింపు, చిన్నవాటికి లేదు, ప్లాస్టిక్ లెక్కతో కలపకండి. రీసైక్లర్లకి గిట్టుబాటు కావాలని కేంద్రం 2024లో మామూలు ఎలక్ట్రానిక్స్‌కి కిలోకి కనీసం 22 రూపాయలు ఇవ్వాలని ధర కట్టింది. దాని మీద సామ్‌సంగ్, ఎల్‌జీ, డైకిన్ లాంటి పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి.

బ్యాటరీలకి పాతది ఇస్తే తగ్గింపు ఎప్పటి నుంచో ఉంది కదా, ఇది కొత్తేంటి?

లెడ్ బ్యాటరీకి నిజంగానే పాత పద్ధతి, 2001 నుంచి నిబంధన కూడా ఉంది. లోపలి లెడ్ లోహానికి విలువుంది కాబట్టి ఇన్వర్టర్ బ్యాటరీని ఎవరూ చెత్తకుప్పలో పారేయరు. 2022 నిబంధనలు లిథియం బ్యాటరీలని, రిమోట్‌లో వేసే సన్నవాటిని, కరెంటు స్కూటర్ల ప్యాక్‌లని కూడా కలిపాయి. నన్నడిగితే మొత్తం ఈపీఆర్ కథ ఈ ఒక్క పోలికలో ఉంది: తుక్కుగా ధర పలికే వస్తువుకి చట్టం లేకపోయినా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, ధర పలకని షాంపూ ప్యాకెట్‌కి చట్టం ఉన్నా ఎవరూ వంగి ఎత్తరు.

టైర్లు?

కంపెనీలూ, దిగుమతిదారులూ 2022-23లో 35 శాతం, తర్వాత 70, 2024-25 నుంచి 100 శాతం. పంక్చర్ షాపు వాళ్ళకి ఏమీ లేదు.

## సామాన్లు కొనేవాళ్ళు అడిగేవి

ఈ ఖర్చంతా చివరికి మా నెత్తినే వేస్తారు కదా?

కొంత వేస్తారు. కాకపోతే ఒక్కో ప్యాకెట్‌లో ప్లాస్టిక్ కొన్ని గ్రాములే, కాబట్టి పైసల్లో ఉంటుంది. జపాన్‌లో అయితే 2001 నుంచి పాత ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మెషిన్ పారేసేటప్పుడు వాడినవాళ్ళే ఫీజు కట్టాలి. మన దగ్గర పాత ఫ్రిజ్‌కి ఎదురు డబ్బివ్వాలంటే ఊరుకుంటామా?

పాత సామాన్లవాడికి ఇస్తే తప్పా?

అట్టలు, సీసాలు, ఇనుము నిశ్చింతగా ఇవ్వండి. ఈ దేశంలో రీసైక్లింగ్ నడుస్తోందంటే బండి తోసుకుంటూ "పాత ఇనుప సామాను కొంటాం" అని అరిచే మనుషుల వల్లే, చట్టంలో వాళ్ళకి దక్కింది తక్కువ. సర్టిఫికెట్ డబ్బు రీసైక్లర్ దగ్గర ఆగిపోతుంది, ఏరినవాళ్ళకి కిలో రేటు పెరగాలన్న నియమం లేదు. ఫోన్లు, లాప్‌టాప్‌లు, ఉబ్బిన బ్యాటరీలు మాత్రం వాళ్ళకివ్వకండి. రాగి కోసం వైర్లు కాల్చేది వాళ్ళే, ఆ పొగ పీల్చేదీ వాళ్ళ పిల్లలే. కంపెనీ సేకరణ కేంద్రానికో, రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కో ఇవ్వండి.

సీసా తిరిగిచ్చేస్తే డబ్బు ఇచ్చే పద్ధతి మన దగ్గర ఎందుకు లేదు?

దేశమంతటికీ తప్పనిసరి చేయలేదు, కంపెనీల ఇష్టానికి వదిలేశారు. చేసిన చోట పనిచేసింది. కేదార్‌నాథ్‌లో 2022లో ప్లాస్టిక్ సీసా మీద క్యూఆర్ కోడ్ వేసి పది రూపాయల డిపాజిట్ పెట్టారు, దాన్ని నడిపింది మన హైదరాబాద్ కంపెనీ రీసైకలే.

## బయటి దేశాలు

జర్మనీకి పచ్చళ్ళు, స్వీట్లు పార్సిల్ పంపుతాం. అక్కడ కూడా ఉందా?

ఉంది, పైగా చిన్నవాళ్ళకి మినహాయింపు లేదు. ఒక్క ప్యాకెట్ నేరుగా కస్టమర్‌కి అమ్మినా లూసిడ్ అనే రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకుని, ప్యాకింగ్ బరువుని బట్టి ఆ చెత్త సేకరించే అక్కడి వ్యవస్థకి డబ్బు కట్టాలి. జరిమానా రెండు లక్షల యూరోల దాకా వెళ్ళచ్చు. అక్కడి హోల్‌సేలర్ కొనుక్కుని అమ్మితే సాధారణంగా ఆ బాధ్యత అతనిది, ఒప్పందంలో రాయించుకోండి. అమ్మ పిల్లాడికి పంపే డబ్బా దీనికిందకి రాదు.

మా అబ్బాయి అక్కడ చదువుతున్నాడు, ఖాళీ సీసాలు పోగేసి డబ్బు తెచ్చుకుంటున్నాడంట, అది ఇదేనా?

అది ఫాండ్ అనే డిపాజిట్ పద్ధతి, 2003 నుంచి ఉంది, ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు. సూపర్ మార్కెట్లో యంత్రంలో వేస్తే రసీదు వస్తుంది. ఈపీఆర్‌కి దగ్గర చుట్టమే. పరువు తక్కువ పని కాదు, అందరూ చేస్తారు, వద్దనకండి.

అమెరికాలో?

దేశమంతటికీ ఒకటే చట్టం లేదు. ప్యాకింగ్ మీద మొదట 2021లో మెయిన్, తర్వాత ఒరెగాన్, కొలరాడో, కాలిఫోర్నియా, మిన్నెసోటా, మేరీలాండ్, వాషింగ్టన్ రాష్ట్రాలు చేశాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్, న్యూజెర్సీ ఈ ఏడింటిలో లేవు. సరుకు డాలస్ గోడౌన్‌కి పంపి అక్కడి నుంచి కాలిఫోర్నియా కొట్లకి వేస్తుంటే కాలిఫోర్నియా లెక్క చూసుకోవాల్సిందే, మీ దిగుమతిదారుని ఆ మాట ముందే అడగండి.